పదడుగుల గదిలో గుంతకల్లు: నమూనా రైలుమార్గాల రూపకల్పనలో సాఫ్ట్‌వేర్

గుంతకల్లు జంక్షన్ నుంచి ఐదు దిక్కులకు పట్టాలు పోతాయి. రాయచూరు వైపు ఒకటి, బళ్ళారి వైపు ఒకటి, కల్లూరు మీదుగా అనంతపురం, ధర్మవరాలకు ఒకటి, గుత్తి మీదుగా కడప, రేణిగుంటలకు ఒకటి, డోన్ మీదుగా నంద్యాలకు మరొకటి. రాయలసీమలో పుట్టి పెరిగి, రైళ్ళంటే ప్రాణం పెట్టి, వాటిని చిన్న నమూనాలుగా ఇంట్లో నడుపుకోవాలనుకునేవారికి మొట్టమొదట మనసులో మెదిలే స్టేషన్ ఇదే కావడంలో వింత లేదు. చిక్కల్లా ఇంటి దగ్గరే వస్తుంది. కర్నూలులో గానీ అనంతపురంలో గానీ ఇలాంటి సరదాకు ఇంట్లోవాళ్ళు వదిలిపెట్టే చోటు చాలావరకు మిద్దె మీది ఒక గది. దాని కొలత పదడుగులకు పన్నెండడుగులు, తలుపు లోపలికి తెరుచుకుంటుంది, ఒక మూల పాత బీరువా ఉంటుంది. ఐదు దిక్కుల జంక్షన్ ఈ గదిలో ఎంతవరకు పడుతుందో ఊహతో అంచనా కట్టడం ఎంత మోసమో, నమూనా రైలుమార్గాల రూపకల్పనకు వాడే కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ మొదటి గంటలోనే చూపిస్తుంది. ఆ సాఫ్ట్‌వేర్ విలువంతా ఈ పనిలోనే ఉంది. గదిలో పట్టనిదేమిటో, దేన్ని వదులుకోక తప్పదో, ప్లైవుడ్ కొనకముందే, పట్టాల కోసం విదేశాలకు ఆర్డరు పెట్టకముందే అది తేల్చిపెడుతుంది.

ముందుగా స్కేలు సంగతి. నమూనా రైళ్ళలో ప్రపంచమంతటా ఎక్కువ వాడుకలో ఉన్నది హెచ్‌ఓ స్కేలు. ఇందులో అసలు రైలును 87వ వంతుకు కుదిస్తారు, రెండు పట్టాల మధ్య ఎడం 16.5 మిల్లీమీటర్లు ఉంటుంది. దాని తరువాతిది ఎన్ స్కేలు. అక్కడ కుదింపు 160వ వంతు, పట్టాల ఎడం 9 మి.మీ. అంకెలు చిన్నవిగా కనిపించడం వల్ల ఏ స్టేషనైనా బల్ల మీదికి వచ్చేస్తుందన్న భ్రమ కలుగుతుంది. ఆ భ్రమ పోవడానికి రెండు లెక్కలు చాలు. భారతీయ రైల్వేలో బ్రాడ్ గేజ్ మీద అనుమతించే అత్యంత పదునైన వంపు పది డిగ్రీలది, అంటే 175 మీటర్ల వ్యాసార్ధం గలది. హెచ్‌ఓలో అది 2 మీటర్ల వ్యాసార్ధమవుతుంది. అలాంటి వంపుతో రైలు వెనక్కి తిరగాలంటే నాలుగు మీటర్లకు పైగా వెడల్పు కావాలి, గది వెడల్పేమో మూడు మీటర్లే. రెండో లెక్క లూప్ లైను, అంటే మెయిన్ లైను పక్కన బండి ఆగడానికి వేసే లైను, పొడవు. నిండు గూడ్సు బండి నిలబడడానికి రైల్వే చాలాకాలం ప్రమాణంగా తీసుకున్న లూప్ పొడవు 686 మీటర్లు. హెచ్‌ఓలో అది 7.89 మీటర్లు, ఎన్ స్కేలులో 4.29 మీటర్లు. పన్నెండడుగుల గోడ 3.66 మీటర్లే కనుక, చిన్న స్కేలుకు దిగినా ఒక్క లూప్ లైను కూడా గోడ వారగా పట్టదు. గుంతకల్లు యార్డును యథాతథంగా కుదించాలనే ఆలోచన ఇక్కడితోనే ఆగిపోవాలి.

అందుకే బొమ్మ పట్టాలు చేసే కంపెనీలు వంపుల్ని అసలుకంటే ఎన్నో రెట్లు బిగించి అమ్ముతాయి. పీకో కంపెనీ అమ్మే సెట్‌ట్రాక్ పట్టాల్లో రెండో వ్యాసార్ధపు వంపు 438 మి.మీ. దాన్ని 87తో గుణిస్తే అసలు కొలతలో 38 మీటర్లు వస్తుంది. ఆ వంపులో నిజమైన ఇంజను అడుగు పెట్టలేదు. నమూనా రైలుమార్గం ఏదైనా ఇలాంటి కుదింపుల మీదే నిలబడుతుంది. ఎక్కడ ఎంత కుదిస్తే కంటికి అబద్ధంగా తోచదో తెలుసుకోవడమే రూపకల్పనలో సగం విద్య.

కంప్యూటర్లు రాకముందు ఈ లెక్కలన్నీ గళ్ళ కాగితం మీద, వృత్తలేఖినితో సాగేవి. అమెరికాకు చెందిన నమూనా రైలుమార్గాల రూపకర్త జాన్ ఆర్మ్‌స్ట్రాంగ్ ఒక తేలిక పద్ధతి చూపించాడు. తీసుకోదలచిన కనీస వ్యాసార్ధానికి, పక్కపక్క పట్టాల మధ్య ఎడానికి రెండింతలు కలిపి, ఆ మొత్తాన్ని ఒక గడి భుజంగా పెట్టుకుని, గది అలాంటి గళ్ళు ఎన్ని పడుతుందో చూడాలి. ఒక వంపు తిరగడానికి ఎన్ని గళ్ళు కావాలో ముందే తెలిసి ఉంటుంది కాబట్టి, పెన్సిలుతో పిచ్చిగీతలు గీసినా అసాధ్యమైన పథకం పుట్టదు. ఈ పద్ధతి ఇప్పటికీ పాతబడలేదు. సాఫ్ట్‌వేర్ తెరవడానికి ముందు అరగంట ఇలా కాగితం మీద కూర్చుంటే, తరువాత కంప్యూటర్ ముందు పది గంటలు మిగులుతాయి. కాగితానికి ఉన్న అసలు లోపం పాయింట్ల దగ్గర, అంటే ఒక లైను రెండుగా చీలే చోట్ల, బయటపడుతుంది. చేత్తో గీసినప్పుడు పాయింటును ఎవరైనా చిన్నదిగానే గీస్తారు, ఒక పట్టా నుంచి ఇంకో పట్టా చటుక్కున చీలిపోతున్నట్టు. నిజానికి పాయింటు జాగా తినే వస్తువు. కాగితం మీద పక్కపక్కన ఆరు లైన్లుగా కుదిరిన యార్డు, కొలతలతో గీసేసరికి మూడు లైన్లకు దిగిపోతుంది.

ఇప్పుడు దొరుకుతున్న సాఫ్ట్‌వేర్లు అన్నీ ఒక తీరువి కావు. ఎనీరైల్, స్కార్మ్ లాంటివి విండోస్ మీద నడుస్తాయి. కంపెనీల పట్టాల ముక్కలన్నీ వాటి జాబితాలో సిద్ధంగా ఉంటాయి. ఒక్కొక్క ముక్కనూ మౌస్‌తో లాగి పక్కదానికి తగిలిస్తే అతుక్కుంటుంది. కొత్తవారికి ఇవే అనువు. ఎనీరైల్ ఉచితంగా ఇచ్చే రూపంలో 50 ముక్కల పరిమితి ఉంది. చిన్న స్టేషనుకు అది సరిపోతుంది, గుంతకల్లుకు ఒక మూలకు కూడా చాలదు. ఎక్స్‌ట్రాక్‌క్యాడ్ పూర్తిగా ఉచితం, దాని మూలసంకేతం (సోర్స్ కోడ్) కూడా అందరికీ అందుబాటులో ఉంటుంది, లినక్స్ మీద, మ్యాక్ మీద కూడా నడుస్తుంది. అయితే అది చేతికి లొంగడానికి వారం పది రోజులు పడుతుంది. ఈ ఓపిక ఉన్నవారికి దానిని మించినది లేదనే చెప్పాలి, ఎందుకంటే ముక్కల లెక్కకు పరిమితి లేదు, నేరు పట్టా నుంచి వంపులోకి మెల్లగా మారే మార్పు వంపులను అది తనంతట తానే గీస్తుంది, గీసిన పట్టాల మీద తెర మీదే బండి నడిపి చూసే వీలు కూడా ఇస్తుంది. టెంప్లాట్ అనేది వేరే జాతి. తయారు పట్టాలు వాడకుండా స్లీపర్లు, పట్టాలు, చీలికలు అన్నీ చేత్తో పేర్చుకునేవారి కోసం ఇంగ్లండులో పుట్టిన సాఫ్ట్‌వేర్ అది. జేఎంఆర్‌ఐ లాంటివి కట్టిన తరువాత సిగ్నళ్ళు, పాయింట్లు, బండ్ల నియంత్రణకు ఉపయోగపడేవి కనుక ఈ చర్చలోకి రావు.

ఏ సాఫ్ట్‌వేర్ తెరిచినా మొదట గీయవలసింది గది. ఇది చాలామంది దాటవేసే మెట్టు. కాగితం మీద పది, పన్నెండు అడుగులని రాసుకుని చతురస్రపు మూలలతో ఒక పెట్టె గీసేస్తారు. మన ఊళ్ళలో మేస్త్రీ మూలమట్టం ఎంత జాగ్రత్తగా పట్టినా, సున్నం పూతలు, పైపూతలు, తరువాత ఎప్పుడో చేసిన మరమ్మతులు కలిసి గది మూలలు నిక్కచ్చిగా ఉండవు. కొలిచేందుకు సులువైన మార్గం ఉంది. పదడుగుల గోడకూ పన్నెండడుగుల గోడకూ మూలలు సరిగ్గా ఉంటే, ఎదురెదురు మూలల మధ్య దూరం 15 అడుగుల ఏడున్నర అంగుళాలు రావాలి. రెండు కర్ణాలూ టేపుతో కొలిచినప్పుడు ఒకటి 15 అడుగుల 6 అంగుళాలు, మరొకటి 15 అడుగుల 9 అంగుళాలు వస్తే, గది ఒక పక్కకు వాలిన పెట్టె అని అర్థం. ఆ వాలును తెర మీద కూడా అలాగే గీసుకోవాలి. బేతంచర్ల బండలు పరిచిన గచ్చయితే బల్ల కాళ్ళకు మరలు పెట్టి ఎత్తు సర్దుకునే ఏర్పాటు కూడా ఈ దశలోనే ఆలోచించాలి, ఎందుకంటే బండల అతుకుల దగ్గర ఎగుడుదిగుడు తప్పదు. ఇక్కడే ఇంకో చిన్న గొడవ ఉంది. వడ్రంగి అడుగులు, అంగుళాల్లో మాట్లాడతాడు, పట్టాల కంపెనీలు మిల్లీమీటర్లలో మాట్లాడతాయి. సాఫ్ట్‌వేర్‌లో మొదటి నుంచీ మిల్లీమీటర్లే పెట్టుకుని, వడ్రంగికి ఇచ్చే కాగితం మీద మాత్రమే అంగుళాలు రాయడం మేలు. మధ్యలో మార్చితే ఎక్కడో ఒకచోట తప్పు దొర్లుతుంది.

గది సిద్ధమయ్యాక ఒక చిన్న స్టేషన్‌ను పన్నెండడుగుల గోడ వారగా పెట్టి చూస్తే సాఫ్ట్‌వేర్ ఏ తీరుగా పని చేయిస్తుందో తెలుస్తుంది. హెచ్‌ఓ స్కేలు, మెయిన్ లైనుకు తోడుగా ఒక లూప్ లైను, దాంట్లో ఒక పాసింజరు బండి ఆగాలి. గోడ పొడవు 3660 మి.మీ. రెండు మూలల్లోనూ పట్టా తిరగడానికి 600 మి.మీ. వ్యాసార్ధం, బల్ల అంచు నుంచి 75 మి.మీ. ఎడం వదిలితే, రెండు పక్కలా కలిపి 1350 పోయి నేరుగా మిగిలేది 2310 మి.మీ. పాత ఐసీఎఫ్ రకం రైలు పెట్టె ఒకటి బఫర్లతో కలిపి 22.3 మీటర్లు, అంటే నమూనాలో 256 మి.మీ. డబ్ల్యూడీఎం-2 డీజిల్ ఇంజను 17 మీటర్ల చిల్లర, నమూనాలో 197 మి.మీ. ఆరు పెట్టెల బండి అనుకుంటే మొత్తం 1733 మి.మీ. అవుతుంది. ఇక లూప్‌కు రెండు చివరలా పాయింటు ఒక్కొక్కటి, ఆ తరువాత పక్క లైనులో నిలబడ్డ బండిని రాసుకోకుండా పట్టాలు తగినంత విడిపోయే వరకు వదలవలసిన దూరం ఉంటుంది. సుమారుగా ఒక్కొక్క వైపు 400 మి.మీ. అయినా పోతుంది. అంటే కావలసింది 2533 మి.మీ., ఉన్నది 2310 మి.మీ. ఆరు పెట్టెలు పట్టవు. ఐదు పెట్టెలైతే 2277 మి.మీ. వస్తుంది, మిగులు 33 మి.మీ. అంటే బండిని రెండు వేళ్ళ వెడల్పు కూడా అటూ ఇటూ కాకుండా ఆపాలి. నాలుగు పెట్టెలకు దిగితేనే ఊపిరాడుతుంది. ఇదే గోడ మీద ఎన్ స్కేలుకు మారితే పెట్టె 139 మి.మీ. అవుతుంది, మూలల వంపులు 350 మి.మీ.కు తగ్గించవచ్చు, పన్నెండు పెట్టెల బండి సులువుగా ఆగుతుంది. హెచ్‌ఓలో నాలుగు పెట్టెలా, ఎన్‌లో పన్నెండా అన్న ప్రశ్నకు ఏ సాఫ్ట్‌వేరూ జవాబు చెప్పదు. కళ్ళజోడు నంబరు, చేతి నిలకడ, బండి అందంలో పొడవు ముఖ్యమా వివరం ముఖ్యమా అన్న అభిరుచి, ఇవే ఆ ప్రశ్నను తేల్చాలి. కానీ ఆ ప్రశ్న ఇంత స్పష్టంగా ఎదుటికి రావడం మాత్రం తెర మీద గీసినందువల్లే.

ఈ లెక్కలో 600 మి.మీ. వ్యాసార్ధం ఎందుకన్నది కూడా చూడాలి. వంపు వ్యాసార్ధం అన్నిటికన్నా పొడవైన పెట్టెకు రెండున్నర నుంచి మూడింతలు ఉంటే బండి కుదురుగా నడుస్తుందని, రెండింతలకు దిగితే ఇబ్బందులు మొదలవుతాయని అనుభవజ్ఞులు వాడే ఒక అంచనా ఉంది. ఐసీఎఫ్ పెట్టెకు 600 మి.మీ. అంటే రెండింతల మీద ఇంకో మూడో వంతు. కొత్త ఎల్‌హెచ్‌బీ రకం పెట్టె 24 మీటర్లది కనుక నమూనాలో 276 మి.మీ. అవుతుంది, నిష్పత్తి ఇంకా పడిపోతుంది. అప్పుడు పెట్టె మధ్యభాగం వంపు లోపలికి, చివరలు బయటికి ఎంతో పొడుచుకొస్తాయి. పక్క పట్టా మీద ఇంకో బండి ఉంటే రెండూ ఒరుసుకుంటాయి. తెర మీద రెండు వంపులు 50 మి.మీ. ఎడంతో ఎంత అందంగా పక్కపక్కన సాగినా ఈ ఒరిపిడి అక్కడ కనిపించదు. అట్టముక్కతో పెట్టె కొలతలో ఒక తునకను కత్తిరించి, అసలు పట్టా మీద పెట్టి తిప్పి చూడడమే దీనికి నమ్మదగిన పరీక్ష.

సాఫ్ట్‌వేర్ మౌనంగా ఒప్పుకునే తప్పులు ఇంకా ఉన్నాయి. ఎడమకు తిరిగిన వంపు వెంటనే కుడికి తిరిగే వంపును తగిలిస్తే అది సంతోషంగా అతికిస్తుంది. బండి అక్కడికి వచ్చినప్పుడు ఒక పెట్టె ఎడమకు, పక్క పెట్టె కుడికి మొగ్గి, మధ్యనున్న కప్లింగు పక్కకు లాగడంతో తేలికపాటి పెట్టె పట్టాలు తప్పుతుంది. రెండు ఎదురు వంపుల మధ్య కనీసం ఒక పెట్టె పొడవు నేరు పట్టా ఉండాలన్న నియమం రూపకర్త బుర్రలోనే ఉండాలి. ఇలాంటి పాములాంటి వంపులు ఎక్కువగా పాయింట్ల జతల దగ్గరే దాక్కుంటాయి. మెయిన్ లైను నుంచి లూప్‌లోకి మళ్ళే చోట పాయింటు ఒకవైపు తిప్పితే, సమాంతరంగా చేయడానికి పెట్టిన వంపు రెండోవైపు తిప్పుతుంది. చూడ్డానికి అది వంపులా కనిపించదు కాబట్టి కొత్తవారు పట్టించుకోరు.

ఎత్తులకు సంబంధించిన చిక్కు ఇంకో రకం. ఒక లైను మీదుగా ఇంకో లైను వంతెనతో దాటాలన్న కోరిక చాలామందికి ఉంటుంది, నంద్యాల దాటాక నల్లమల కొండల్లో గిద్దలూరు వైపు సాగే ఘాట్ మార్గం చూసినవారికైతే మరీను. హెచ్‌ఓలో కింది పట్టా పైనుంచి వంతెన అడుగు వరకు సుమారు 75 మి.మీ. ఖాళీ ఉండాలి. వంతెన చెక్క మందం, పై పట్టా మందం కలిపితే పట్టా నుంచి పట్టాకు 95 మి.మీ. ఎత్తు. రైల్వేవారు వాలును నలభైకి ఒకటి, వందకు ఒకటి అని చెబుతారు, సాఫ్ట్‌వేర్ శాతంలో చూపిస్తుంది. నలభైకి ఒకటి అంటే రెండున్నర శాతం. చిన్న ఇంజను నాలుగైదు పెట్టెలతో ఎక్కగల వాలు సుమారుగా అంతే. 95 మి.మీ. ఎక్కాలంటే ఆ వాలులో 3.8 మీటర్ల పట్టా కావాలి. పన్నెండడుగుల గోడ మొత్తం వాలుకే పోయినా ఇంకా చాలదు, పైగా వాలు మొదలయ్యే చోట, ముగిసే చోట మెల్లగా వంచవలసిన దూరం ఇందులో చేరలేదు. స్టేషన్ మాత్రం సమతలంగా ఉండాలి, లేకుంటే విడదీసిన పెట్టెలు వాటంతటవే దొర్లిపోతాయి. స్కార్మ్‌లో ప్రతి అతుకు దగ్గరా ఎత్తు అంకె రాసి, త్రిమితీయ దృశ్యంలో తిప్పి చూస్తే ఘాట్ కల ఎంతవరకు నిలుస్తుందో ఐదు నిమిషాల్లో తెలుస్తుంది. ఇలాంటి గదిలో అది సాధారణంగా నిలవదు. వంతెన కావాలంటే పట్టాను పైకెత్తకుండా, పట్టా కింద నేలను లోతుగా చేసి ఒక వంకను గీయడం తెలివైన పని. ఎలాగూ మన సీమలో వంకలకు కొదవ లేదు, నీళ్ళు చూపించవలసిన శ్రమ కూడా చాలావరకు తప్పుతుంది.

విద్యుత్తు విషయంలోనూ తెర మీది గీత మోసం చేయగలదు. రెండు పట్టాల నమూనాల్లో ఒక పట్టా ద్వారా కరెంటు వెళ్ళి రెండో పట్టా ద్వారా తిరిగి వస్తుంది. ఏదైనా దారి చుట్టు తిరిగి, వచ్చిన వైపే ముఖం పెట్టి పాత లైనులో కలిస్తే, ఎడమ పట్టా వచ్చి కుడి పట్టాను తాకుతుంది, షార్ట్ అవుతుంది. గుంతకల్లు, గుత్తి, పెండేకల్లుల మధ్య ఉన్న త్రికోణాన్ని మూడు మూలలూ నేరుగా కలిపి గదిలో గీయాలని చూసేవారు ఈ గుంటలోనే పడతారు. నిజమైన రైల్వేలో కరెంటు పైతీగ నుంచి వస్తుంది కాబట్టి అక్కడ ఈ సమస్యే లేదు. పథకం ముద్రించుకుని ఒక పట్టాను ఎర్ర పెన్సిలుతో, రెండో పట్టాను నల్ల పెన్సిలుతో వెంటబడి గీసుకుంటూ పోతే, ఎక్కడ ఎరుపు నలుపును తాకుతుందో అక్కడ రెండు పట్టాలనూ కోసి, ఆ ముక్కకు ప్రత్యేకంగా కరెంటు దిశ మార్చే ఏర్పాటు చేయాలి. చిన్నపిల్లల ఆటలా ఉన్నా ఈ పెన్సిలు పద్ధతి ఎన్నో ఖరీదైన యంత్రాలను కాపాడుతుంది.

గేజు, అంటే రెండు పట్టాల మధ్య ఎడం, ప్రశ్నను ఇక్కడ కొంచెం నిదానంగా చూడాలి, ఎందుకంటే విదేశీ సాఫ్ట్‌వేర్లు, విదేశీ పట్టాల జాబితాలు మన రైల్వేకు సరిగ్గా అతకని చోటు అదే. భారతీయ బ్రాడ్ గేజ్ 1676 మి.మీ. దాన్ని 87తో భాగిస్తే 19.26 మి.మీ. రావాలి. అంగట్లో దొరికే హెచ్‌ఓ పట్టా 16.5 మి.మీ., అది యూరప్, అమెరికాల 1435 మి.మీ. గేజుకు సరిపోయేది. దాని మీద మన డబ్ల్యూడీఎం-2ను నిలబెడితే, పట్టాలు అసలుకంటే 14 శాతం ఇరుకుగా ఉంటాయి. ముందు నుంచి చూస్తే ఇంజను సన్నటి కాళ్ళ మీద నిలబడ్డట్టు కనిపిస్తుంది. చాలామంది దీనితో సర్దుకుంటారు, సర్దుకోవడంలో తప్పూ లేదు. సర్దుకోలేనివారు టెంప్లాట్‌లో గేజును 19.26గా పెట్టి, 1:12 పాయింటు (పన్నెండుకు ఒకటి చొప్పున పట్టాలు విడిపోయేది) దగ్గర నుంచి ప్రతి స్లీపరు స్థానం వరకు తమ కొలతలతో ముద్రించుకుని చేత్తో కట్టుకోవచ్చు, కానీ చక్రాల జతలన్నిటినీ కూడా విడదీసి వెడల్పు చేయక తప్పదు.

ఇందులో విచిత్రమేమిటంటే, గుంతకల్లు గత చరిత్రకు తయారు పట్టాలు వర్తమానం కంటే బాగా అతుకుతాయి. గుంతకల్లులో ఒకప్పుడు బ్రాడ్ గేజ్‌తో పాటు మీటర్ గేజ్ కూడా ఉండేది. నంద్యాల వైపు, బళ్ళారి వైపు చిన్న బండ్లు తిరిగేవి, 1990లలో ఆ లైన్లు మారిపోయాయి. మీటర్ గేజ్ 1000 మి.మీ., హెచ్‌ఓలో 11.5 మి.మీ. రావాలి. స్విట్జర్లాండు కొండ రైళ్ళ నమూనాల కోసం యూరప్ కంపెనీలు అమ్మే పట్టా 12 మి.మీ. తేడా నాలుగు శాతమే, కంటికి ఆనదు. పైగా మీటర్ గేజ్ బండ్లు పొట్టివి, పెట్టెలు చిన్నవి, వంపులు బిగువైనవి. ఎక్స్‌ట్రాక్‌క్యాడ్‌లో గేజు 12 మి.మీ.గా పెట్టి అదే పన్నెండడుగుల గోడ మీద మీటర్ గేజ్ స్టేషన్ గీస్తే, బ్రాడ్ గేజ్‌లో నాలుగు పెట్టెలకు ఇరుకైన గదిలో దాదాపు నిజమైన బండి అనిపించేది వచ్చి నిలబడుతుంది. ఆవిరి ఇంజన్ల కాలపు గుంతకల్లును గుర్తుపెట్టుకున్న పెద్దలున్న ఇళ్ళలో ఈ దారి పరిశీలించదగ్గది. బండ్లు, పెట్టెలు మాత్రం సొంతంగా తయారుచేసుకోవలసిందే, అవి అంగట్లో దొరకవు.

బ్రాడ్ గేజ్‌నే పట్టుకుని ఉండదలచినవారికి వదులుకోవలసింది జంక్షన్. సాఫ్ట్‌వేర్లలో వెనుక ఒక చిత్రాన్ని పరచుకుని దాని మీద గీసే సౌకర్యం ఉంది. ఉపగ్రహ చిత్రాన్ని గానీ ఓపెన్‌రైల్వేమ్యాప్ పటాన్ని గానీ తెచ్చి, అసలు దూరం తెలిసిన రెండు బిందువుల మధ్య కొలత సరిచూసుకుని, దాని మీద లైన్లు గీస్తే స్టేషన్ అసలు స్వరూపం అర్థమవుతుంది. గుంతకల్లుతో ఇలా చేసినవారికి ఆ యార్డు ఎంత పొడవో తెలిసి నీరసం వస్తుంది. అదే పని డోన్, నంద్యాలల మధ్య బేతంచర్లతోనో పాణ్యంతోనో చేస్తే పరిస్థితి వేరు. ఒక మెయిన్ లైను, రెండు లూప్‌లు, ఒక గూడ్సు సైడింగు, ఒక లెవెల్ క్రాసింగు, వెనుక బండల గుట్టలు ఉన్న మార్గమధ్య స్టేషనులో ఒక లూప్‌ను తీసేసి, ప్లాట్‌ఫారాన్ని నాలుగు పెట్టెలకు కుదించినా దాని ముఖం దానికి ఉంటుంది. గుంతకల్లును అప్పుడు గదిలో పెట్టనవసరం లేదు. ఎదురు గోడ వారగా ఒక అట్ట తెర వెనుక నాలుగు లైన్ల దాపుడు యార్డు గీసి, బండ్లు అక్కడి నుంచి బయలుదేరి, అక్కడికే వెళ్ళి చేరేలా పెడితే, ఆ తెర వెనుకదే గుంతకల్లు. ఆ యార్డు ఎవరికీ కనిపించదు కనుక అందం అక్కరలేదు, చేయి అందితే చాలు. చేయి అందడమన్నది తేలిక విషయం కాదు. బల్ల అంచు నుంచి 70 సెంటీమీటర్లు దాటిన చోట పట్టాలు తప్పిన పెట్టెను ముందున్న స్తంభాలు, చెట్లు విరగకుండా ఎత్తడం కష్టం. తెర మీద వేలి చివరంత దూరంలో కనిపించే చోటు గదిలో కుర్చీ ఎక్కితే గానీ అందదు.

చెక్క పని కూడా అదే పథకంలో వేరే పొరగా గీసుకోవాలి. పాయింటును తిప్పే మోటారు బల్ల అడుగున ఉంటుంది. సరిగ్గా ఆ చోటే దూలం వస్తే, బల్ల కట్టిన తరువాత దూలమైనా కోయాలి, పాయింటైనా జరపాలి. పట్టాల పొర మీద దూలాల పొరను వేసి చూసుకుంటే ఈ తాకిడి ముందే కనిపిస్తుంది. ప్లైవుడ్ ఎనిమిదడుగులకు నాలుగడుగుల షీట్లుగా వస్తుంది కనుక అతుకులు ఎక్కడ పడతాయో కూడా ఈ పొరలోనే గీయాలి. అతుకు మీద పాయింటు పడకూడదు. ఎండ సంగతి మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ గీయదు. మిద్దె మీది గదికి మే నెల మధ్యాహ్నానికీ జనవరి తెల్లవారుజాముకూ పాతిక డిగ్రీల తేడా సులువుగా ఉంటుంది. నికెల్ సిల్వర్ పట్టా 3.66 మీటర్ల పొడవున ఆ తేడాకు సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్లు సాగుతుంది. తెర మీద అతుకులన్నీ సందు లేకుండా కలిసి ఉంటాయి. అలాగే అతికించి జనవరిలో టంకం వేసినవారి పట్టా మే నెలలో పాములా పైకి లేస్తుంది. మీటరుకు ఒక చోట సన్నటి సందు వదలాలని పథకం మీద చేత్తో రాసుకోవాలి.

ముక్కల జాబితా సాఫ్ట్‌వేర్ చేసే ఉపకారాల్లో అందరూ తక్కువ అంచనా వేసేది. పట్టాలు, పాయింట్లు దాదాపు అన్నీ విదేశాల నుంచి రావలసిందే, సుంకం కట్టవలసిందే. ఒక ఎడమ పాయింటు తక్కువైందని మళ్ళీ ఆర్డరు పెడితే ఆ ఒక్కదాని రవాణాకే దాని ధరంత అవుతుంది, వారాలు గడుస్తాయి. పథకం ముగిశాక సాఫ్ట్‌వేర్ ఇచ్చే జాబితాలో ఎడమ పాయింట్లు, కుడి పాయింట్లు వేరువేరుగా లెక్క సరిచూసుకుని, కావలసినట్టు వంచి, కోసుకునే పట్టాలను మాత్రం ఒకటి రెండు ఎక్కువ తెప్పించుకోవడం క్షేమం. కోత పొరపాట్లు ఎక్కువగా వాటి మీదే జరుగుతాయి.

ఆఖరున పథకాన్ని అసలు కొలతలో ముద్రించి బల్ల మీద పరచాలి. ఇంట్లోని ప్రింటరుతో చేస్తే ఒక ఎనిమిదడుగుల ప్లైవుడ్ షీటుకు అరవైకి పైగా ఏ4 కాగితాలు పడతాయి. వాటిని అంచులు కలిపి అతికించేలోపు ఎక్కడో ఒక వరుస రెండు మిల్లీమీటర్లు జరుగుతుంది. దీనికంటే ఊరిలోని ఫ్లెక్స్ బ్యానర్ల షాపు నయం. పీడీఎఫ్ ఇచ్చి, మామూలు పలుచని కాగితం మీద గానీ ఫ్లెక్స్ మీద గానీ ఒకే నిడివిగా ముద్రించుకోవచ్చు. పుట్టినరోజు బ్యానర్ల మధ్య పట్టాల గీతలున్న ఫైలు చూసి షాపువారు రెండుసార్లు అడిగి తెలుసుకోవడం సహజమే. అక్కడ చెప్పవలసిన ముఖ్యమైన మాట ఒకటుంది. పేజీకి సరిపడేలా సర్దవద్దని, నూటికి నూరు శాతం కొలతలోనే ముద్రించాలని చెప్పాలి. ఇందుకోసం పథకం ఒక మూలలో సరిగ్గా 100 మి.మీ. గీతను అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి ముందే గీసి పెట్టుకోవాలి. షాపులోనే, డబ్బు చెల్లించకముందే, స్టీలు స్కేలుతో ఆ రెండు గీతలనూ కొలవాలి. గీత 97 మి.మీ. వస్తే పన్నెండడుగుల గోడ మీద పథకం పదకొండు సెంటీమీటర్లు పొట్టిదైపోతుంది, నాలుగు పెట్టెల బండికి ఎంతో లెక్కపెట్టి వదిలిన జాగాలో మూడో వంతుకు పైగా అక్కడే పోతుంది. అడ్డగీత సరిగ్గా ఉండి నిలువుగీత తగ్గినా ముద్రణ పనికిరాదు, మళ్ళీ వేయించవలసిందే.